బొటనవేలి వంకర, చెప్పుల నేరం

రాత్రి తొడుక్కుని పడుకుంటే వంకరపోయిన కాలి బొటనవేలు తిన్నబడుతుందని చెప్పే పట్టీల ప్రకటనలు ఈ వారమూ ఫోన్లలో విరివిగా కనిపించాయి. వంకర వేలిది మాత్రమేనన్న భ్రమే వాటికి పెట్టుబడి.

వైద్యులు హాలక్స్ వాల్గస్ అని వ్యవహరించే ఈ స్థితిలో, బొటనవేలికి వెనుక పాదం నడుమ ఉండే మెటాటార్సల్ అనే పొడవాటి ఎముక రెండో పాదం వైపుకు ఒరుగుతుంది, వేలు మాత్రం మట్టెల వేలి మీదికి వాలుతుంది. వాటి మధ్య కోణం 15 డిగ్రీలు దాటితే సాధారణంగా వైకల్యంగా లెక్కిస్తారు. పక్కన పొడుచుకువచ్చే బుడిపె కొత్తగా మొలిచినది కాదు, చాలావరకు ఒరిగిన ఆ ఎముక తలే. ఒకసారి వాలిన వేలిని, కండరాలను ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనాలు వింటినారిలా పక్కకు లాగుతూ వంకరను ఇంకా పెంచుతాయి. నడకలో బొటనవేలు మోయవలసిన బరువు రెండో వేలి మొదలు మీద పడి, అక్కడ అరికాలు కాయకట్టి నొప్పిపెడుతుంది.

నేరమంతా పాదరక్షలదేనన్నది విసుగు పుట్టేంత పాత వాదం. దానికి సాక్ష్యాలు లేకపోలేదు. కేంబ్రిడ్జ్ మధ్యయుగ శ్మశానాల్లోని 177 అస్థిపంజరాలపై 2021లో వెలువడిన పరిశోధన ప్రకారం, 11–13 శతాబ్దాలవారిలో 6 శాతానికే ఉన్న ఈ వైకల్యం, ముక్కు సాగిన బూట్ల మోజు ముదిరిన 14–15 శతాబ్దాలకు 27 శాతానికి చేరింది. పల్లె శ్మశానంలో 3 శాతమే కాగా, ధనికులనూ మతాధికారులనూ పూడ్చిన మఠంలో 43 శాతం. అటువంటి బూట్లు తొడగరాదని మతాధికారులకు 1215లోనే నిషేధం ఉన్నదంటే, ఆ నిషేధం ఏపాటి అమలైందో ఎముకలే చెబుతున్నాయి. 1958 నాటి హాంకాంగ్ అధ్యయనంలోనూ బూట్లు తొడిగేవారిలో 33 శాతానికి, తొడగనివారిలో 1.9 శాతానికి ఈ వంకర కనిపించింది.

అయితే ఆ అంకెలనే తిరగేసి చదివితే వాదం సడలుతుంది. బూట్లు తొడిగినవారిలో మూడింట రెండు వంతుల మంది పాదాలు చెక్కుచెదరలేదు. బూటు ఎరుగని పాదాలూ కొన్ని వంకరపోయాయి. కుటుంబాల్లో తరతరాలుగా వచ్చే ఎముకల తీరు, కీళ్ల సడలుదనం పునాది వేస్తే, ఇరుకు పాదరక్ష దానిపై పనిచేస్తుందనడమే న్యాయం.

పట్టీ ఉన్నంతసేపు ఉపశమనం కలగవచ్చు గాని, ఒరిగిన ఎముక శాశ్వతంగా వెనక్కి రాదు. ముందుభాగం వెడల్పుగా ఉన్న చెప్పులు నొప్పిని తగ్గిస్తాయి. ఎముకను కోసి సరిచేసే శస్త్రచికిత్స నొప్పి భరించలేనివారికే గాని అందం కోసం కాదు. మధుమేహం ఉన్నవారు మాత్రం ఆ బుడిపెపై చర్మం ఎర్రబడినా, ఒరుసుకుపోయి పుండైనా, నొప్పి లేదు కదా అని ఊరుకోక వెంటనే వైద్యుడికి చూపించాలి.