బెయిలొచ్చినా చదువు ఆగకూడదు

పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేవాళ్లకు ముందు తెలిసొచ్చేది నేర్చుకునేవాళ్ల చేతి బరువు. పెన్సిలిస్తే ములుకు విరుగుతుంది. సముద్రంలో వల లాగే చేయి 'అ' దిద్దబోతే వణుకుతుంది. చెన్నై దగ్గరి మా కాట్టుపల్లి రాత్రిబడిలో ఇది చూస్తూనే ఉంటాను. ఆ వణుకు పోవాలంటే తెలివికన్నా ముందు, వరసగా కొన్ని నెలలు కావాలి. జైల్లో చదువుకునేవాళ్లకు కరువయ్యేది ఆ వరసే.

లోపల బోలెడంత తీరిక ఉంటుందనుకుంటాం. కానీ 2022 చివర్లో దేశంలోని జైళ్లలో 5.73 లక్షల మంది ఉంటే, నూటికి 76 మంది విచారణ ఖైదీలే. ఇవాళ వాయిదా, రేపు బెయిలు, ఎల్లుండి ఇంకో జైలు. ఎన్నాళ్లుంటాడో తెలియనివాడు ఏ పరీక్షకని చదువుతాడు? శిక్ష పడ్డవాడికి ఆ లెక్క కాస్త కుదురుతుంది. రాజీవ్ గాంధీ హత్య కేసు ఖైదీ పేరరివాళన్ 2012లో వేలూరు జైలు నుంచి ప్లస్ టూ రాసి 1200కు 1096 మార్కులు తెచ్చుకున్నారు. అయితే ఆయన అరెస్టయ్యే నాటికే డిప్లొమా చేసినవారు. బడి ముఖమే చూడనివాడికి ఆ పునాదీ ఉండదు.

ఇక భాష. మాకు దగ్గరి పెద్ద జైలు పుళల్. తెలుగువాడు అక్కడికి వెళితే చుట్టూ తమిళం. ఎర్రచందనం కేసులో పట్టుబడ్డ తమిళ కూలీ కడప జైలుకు వెళితే చుట్టూ తెలుగు. మొదటి వాచకం ఇంటి భాషలో లేకపోతే పెద్దవాడికి సిగ్గు ముంచుకొస్తుంది, పలక పక్కన పెట్టేస్తాడు. తన భాష మాట్లాడే, చదువొచ్చిన తోటి ఖైదీ ఒక్కడు దొరికినా చదువులో నిలబడతాడు.

స్వరాజ్య పత్రిక నడిపి 1908లో రాజద్రోహం కేసులో జైలుకెళ్లిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు, తర్వాత గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ బతుకంతా ధారపోశారు. ఆ బాటలో మనం వేయాల్సిన అడుగు ఇంకొకటుంది: జైలు చదువును బయటా కొనసాగించడం. జైల్లో చదువుకుంటే మళ్లీ జైలుకొచ్చేవాళ్లు నూటికి 13 మంది తగ్గుతారని 2013లో అమెరికాలో ర్యాండ్ సంస్థ లెక్కగట్టింది. అంత మేలు చేసే చదువు గేటు దగ్గరే తెగిపోకూడదు.

విడుదల కాగితంతో పాటు ఎంతవరకు చదివాడో రాసిన కాగితమూ చేతికివ్వాలి. జైలు మారినా, ఊరు చేరినా అది చెల్లాలి. అలాంటి కాగితం పట్టుకుని మా రాత్రిబడికి ఎవరొచ్చినా, ఏ కేసని మేం అడగం. ఏ పాఠం దగ్గర ఆగారని మాత్రం అడుగుతాం.