ఓస్లో ముందా, స్టాక్‌హోం ముందా?

మన ఊరు వినగడప నుంచి ఎవరైనా ఉత్తర ఐరోపా చూసొద్దామనుకుంటే ముందుగా తేల్చుకోవాల్సింది ఎక్కువ రోజులు ఏ రాజధానిలో ఉండాలన్నది. షెంగెన్ వీసా ఒక్కటుంటే నార్వే, స్వీడన్ రెండూ తిరిగి రావచ్చు. దరఖాస్తు మాత్రం ఎక్కువ రోజులు ఉండే దేశానికే పెట్టాలి. రెండుచోట్లా రోజులు సమానమైతే ముందు దిగే దేశానికి పెట్టాలి. ఫొటోల్లో చూసి ఎంచుకుందామంటే కుదరదు. రెండు ఊళ్లలోనూ అవే నీళ్లు, అవే పడవలు. అందుకే నేను వాటి నగర సభా భవనాలను పక్కపక్కన పెట్టి చూస్తాను. రెండూ నీటి ఒడ్డునే ఉన్నాయి, రెండూ ఎర్ర ఇటుకవే. ఏటా డిసెంబర్ 10న నోబెల్ శాంతి బహుమతిని ఓస్లో భవనంలో ఇస్తారు, మిగతా బహుమతుల విందు స్టాక్‌హోం భవనంలో జరుగుతుంది. ఊరిని ఏలే ఇల్లు ఆ ఊరి జనాన్ని ఎలా చూపిస్తోందన్నదే నా కొలత.

పనితనంలో స్టాక్‌హోందే పైచేయి. రాగ్నార్ ఓస్ట్‌బెర్గ్ రూపకల్పన చేసిన ఈ భవనం 1923లో ప్రారంభమైంది. కట్టడానికి దాదాపు 80 లక్షల ఇటుకలు పట్టాయి. విందు జరిగే పెద్ద హాలుకు గిలాబా చేసి నీలిరంగు వేయాలన్నది మొదటి ఆలోచన. గోడలు లేచాక ఆ ఇటుక ఎరుపు చూసి ఓస్ట్‌బెర్గ్ మనసు మార్చుకున్నాడు. గోడలను ఉలితో గరుకుగా చెక్కించి అలాగే ఉంచేశాడు. పేరు మాత్రం నీలి హాలుగానే నిలిచిపోయింది. 1998లో అమర్త్య సేన్ విందుకు కూర్చున్నది అక్కడే. పైన ఉన్న బంగారు హాలు గోడల నిండా కోటీ 80 లక్షలకు పైగా మొజాయిక్ ముక్కలున్నాయి. ఐనార్ ఫోర్సెత్ వాటితో మేలారెన్ సరస్సు రాణిని సింహాసనం మీద కూర్చోబెట్టాడు. ఒక పక్క నుంచి తూర్పు దేశాలు, మరో పక్క నుంచి పడమటి దేశాలు ఆమె దగ్గరికి వస్తుంటాయి. చూసినవాళ్లు నోరెళ్లబెట్టాల్సిందే. అయితే అది రాణి కొలువు. అంత బంగారం ముందు వచ్చినవాడు అతిథిగా చేతులు కట్టుకుని నిలబడతాడే తప్ప, ఇది మన ఇల్లే అనుకోడు. పైగా లోపలికి టికెట్ కొని, గైడ్ వెంటే వెళ్లాలి.

ఓస్లో భవనం చూడగానే నచ్చేది కాదు. ఆర్న్‌స్టైన్ ఆర్నెబెర్గ్, మాగ్నస్ పౌల్సన్ ఇద్దరూ కలిసి రూపకల్పన చేశారు. పని 1931లో మొదలైంది. మధ్యలో యుద్ధం వచ్చి ఆగింది. ప్రారంభోత్సవం 1950లో జరిగింది. బరువైన రెండు చదరపు బురుజులను చూసి ఊరి జనం బ్రౌన్ చీజ్ దిమ్మెలంటారు. కానీ నీటి వైపుకి వెళ్లి చూడండి. అక్కడ పెర్ పాలె స్టోర్మ్ చెక్కిన విగ్రహాలున్నాయి. అవి రాజులవి కావు, నాయకులవీ కావు. ఆ భవనం కట్టిన పనివాళ్లవి: తాపీ మేస్త్రి, వడ్రంగి, కరెంటు పనివాడు వంటివాళ్లు. మన దగ్గర పంచాయతీ ఆఫీసు కట్టినా, సచివాలయం కట్టినా శిలాఫలకం మీద మంత్రి పేరు, ఎమ్మెల్యే పేరు, సర్పంచ్ పేరు వరసగా ఉంటాయి. ఇటుక పేర్చినవాడి పేరు ఎక్కడా కనపడదు. ఈ బాధ ఉన్నవాళ్లెవరైనా ఆ విగ్రహాల ముందు కాసేపు నిలబడకుండా కదల్లేరు.

లోపలా అదే ధోరణి. హెన్రిక్ సోరెన్‌సెన్ గీసిన పెద్ద తైలవర్ణ చిత్రం ఒక గోడను దాదాపు నింపేస్తుంది. దాని విషయమే శ్రమ, పాలన, పండుగ. మరో గోడ మీద ఆల్ఫ్ రోల్ఫ్‌సెన్ 1940 నుంచి 1945 దాకా జర్మన్ సైన్యం కింద నలిగిన రోజులను గీశాడు. ఊరు తన అవమానాన్ని కూడా దాచుకోకుండా సభలోనే పెట్టుకుంది. 2014లో కైలాశ్ సత్యార్థి, మలాలా యూసఫ్‌జాయ్ శాంతి బహుమతి అందుకున్నది ఆ గోడల మధ్యే. బాల కార్మికుల కోసం పోరాడిన మనిషికి అంతకన్నా తగిన చోటు మరొకటి నాకు తోచదు. ఇక్కడ ప్రవేశం ఉచితం.

కాబట్టి నేనైతే ఓస్లోకి మూడు రోజులు, స్టాక్‌హోంకి రెండు రోజులు ఇస్తాను. దరఖాస్తు నార్వేకే పెడతాను. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల ముందు గడువు ముగుస్తుంది. కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా ఉండాలి. ఓస్లో నుంచి స్టాక్‌హోంకి రైల్లో ఐదారు గంటల ప్రయాణం. నోబెల్ వేడుక చూడాలని డిసెంబర్ ఎంచుకుంటే మాత్రం నష్టమే. ఆ రోజుల్లో మామూలు సందర్శకులను లోపలికి రానివ్వరు, పగలు కూడా ఆరు గంటలే. జూన్‌లో రాత్రి పదింటికీ వెలుగుంటుంది. జూలై, ఆగస్టుల్లో అయితే కట్టలేరు వాగు పొంగితే వినగడప, తోటమూల మధ్య రాకపోకలు ఆగిపోవడం మనకు తెలిసిందే. అప్పుడు బయల్దేరేవాళ్లు ఒకరోజు ముందే బెజవాడ చేరుకోవడం మంచిది.