బిట్టుకు బంధువులెవరు?

కంఠస్థమును నిందించుట నేటి విద్యావంతులలో ఒక మర్యాదగా చెల్లుచున్నది. పోటీ పరీక్షలకు చదువుకొను పిల్లలను జూచి ‘పాపము, బిట్లు బట్టీ పట్టుచున్నారు’ అని నిట్టూర్చని పెద్దమనిషి మా సఖినేటిపల్లిలోనే గాక రాజోలు తాలూకా యంతటను అరుదు. ఆ నిట్టూర్చువారిలో పలువురు తమ బాల్యమున అమరకోశమును, ఎక్కములను, ప్రభవాది షష్టిసంవత్సరముల పేర్లను నోటికి నేర్చినవారే. ఆ నేర్చినదానితోనే తమ బుద్ధి పదునెక్కినదను సంగతిని వారు మరచిరి గాని వారి మాటతీరు మరువలేదు. కావున జ్ఞాపకశక్తిపై నాకు అభియోగ మేమియు లేదు. సర్వీసు కమిషను ప్రకటన వెలువడినదే తడవుగా మా వీథి యరుగు మీద సాయంవేళ చేరు యువకులకు నేను మొట్టమొదట చెప్పునదియు అదియే: నిస్సంకోచముగా కంఠస్థము చేయుడు, అయితే ఏ బిట్టును ఒంటరిగా నోట బెట్టుకొనకుడు, దాని చుట్టపక్కాలను గూడ పిలుచుకొని రండు.

ఒంటరి బిట్టు ఎట్లుండునో చెప్పెదను. ఆ పిల్లలలో ఒకని నోటుపుస్తకమును ఒకనాడు విప్పి చూచితిని. పొడుగు పుస్తకము; ప్రతి పుట నడుమ స్కేలు పెట్టి గీచిన నిలువు గీత; ఎడమప్రక్క నల్లసిరాతో ప్రశ్న, కుడిప్రక్క ఎఱ్ఱసిరాతో జవాబు. అక్షరములు ముత్యములవలె నున్నవి. లోక్‌సభకు తొలి దళిత స్పీకరు జి.ఎం.సి. బాలయోగి. దాని క్రింద విటమిను సి లోపమున వచ్చు వ్యాధి స్కర్వీ. ఆ క్రింద ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీసు కమిషను ఏర్పడిన సంవత్సరము 1956. బాలయోగి గారికి స్కర్వీతో పొరుగు ఎట్లు కుదిరినదని యడుగగా, ఆ దినమున వ్రాసిన మాదిరి ప్రశ్నపత్రములో ఆ వరుస యున్నదని జవాబు వచ్చినది.

‘బాలయోగి గారిది ఏ ఊరయ్యా?’ అంటిని.

‘అదేంటి మాస్టారూ, మన కోనసీమేగా! ఎదుర్లంకండి.’

‘స్పీకరు ఎప్పుడయ్యారు?’

‘1998 అండి.’

‘మరి మరుసటేడు వాజపేయి గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది కదా. బాలయోగి గారి పార్టీ ఆ ప్రభుత్వాన్ని బలపరుస్తున్న పార్టీయే. ఆ ఒక్క ఓటూ ఆయన వేసి నిలబెట్టలేకపోయారా?’

పిల్లవాడు పుస్తకము వంక చూచెను. పుస్తకము నిలువుగీతకు ఇటు గాని అటు గాని యేమియు చెప్పలేదు.

1999 ఏప్రిల్ 17న విశ్వాసతీర్మానమునకు అనుకూలముగా 269, ప్రతికూలముగా 270 ఓట్లు పడినవి. రాజ్యాంగము 100వ అధికరణము ననుసరించి సభాపతి మొదటి విడత ఓటు వేయరాదు. ఇరుపక్షముల ఓట్లును సరిసమానమైనప్పుడు మాత్రమే ఆయనకు నిర్ణాయక మగు ఓటు లభించును. 269కిని 270కిని సమానత్వము లేదు గనుక ఆయన చేతిలో ఓటే లేదు. అయినను ఆనాడు ఆయన చేతిలో అంతకన్న బరువైన నిర్ణయ మొకటి యుండెను. గిరిధర్ గమాంగ్ ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ఒడిశా ముఖ్యమంత్రియై, లోక్‌సభ సభ్యత్వమును ఇంకను విడువక, ఓటు వేయుటకు ఢిల్లీ వచ్చి కూర్చుండెను. వేయవచ్చునా కూడదా యను వివాదము సభలో చెలరేగినప్పుడు బాలయోగి గారు ఆ సంగతిని గమాంగ్ విచక్షణకే విడిచిరి. గమాంగ్ ప్రతికూలముగా ఓటు వేసెను. ఇది ఎట్లు చెల్లినదని యడిగితిమా, 164వ అధికరణము తలుపు తీయును: శాసనసభలో సభ్యుడు గానివాడును ఆరు నెలలవరకు మంత్రిగా నుండవచ్చును. ముఖ్యమంత్రి పదవి లాభదాయక మైన పదవి కాదా యని యెదురాడితిమా, 102వది వచ్చి మంత్రిపదవికి మినహాయింపు కలదని చెప్పును. పార్లమెంటులోను రాష్ట్ర శాసనసభలోను ఒక్కడే సభ్యుడుగా నుండరాదను 101వది ఆయనకు అప్పటికి తగులలేదు, ఏలయన ఆయన ఇంకను శాసనసభకు ఎన్నిక కాలేదు. స్పీకరు ఎన్నికను జెప్పు 93వదానితో గూడ లెక్కించినచో, ఎదుర్లంకలో పుట్టిన ఒక్క మనుష్యుని పేరు పట్టుకొని అయిదు అధికరణములను చుట్టివచ్చినాము. ఆ పిల్లవాడు ఈ అయిదింటిని అంతకుముందే వేరువేరు పుటలలో ఎఱ్ఱసిరాతో వ్రాసికొనియే యుండెను. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి బాలయోగి గారు మరణించిన సంగతియు మరియొక పుటలో, తేదీ రూపమున, నిరాధారముగా పడియున్నది.

కొబ్బరి పీచును పేనువారి పని మా ప్రాంతమున నిత్యము కంటబడునదే. జానెడైన లేని పీచుపోగును పసిబిడ్డ లాగినను తెగును. పోగును పోగుతో గలిపి మెలివేసినచో పడవను కట్టివేయు త్రాడగును. బిట్ బ్యాంకు అమ్మువారు పీచును బస్తాలకొలది తూచి యిత్తురు; మెలివేయు పని మాత్రము కొన్నవానిదే. ఆ పనికి కాలము పట్టును, రోజుకు ఇన్ని వందల బిట్లు పూర్తియైనవను తృప్తి దానిలో దొరకదు. పిల్లలు దానికి జంకుటకు కారణ మదియే కాని సోమరితనము కాదు. మా పిల్లలలో సోమరులు పోటీ పరీక్షల దరికే రారు.

మరియొక మెలికకై మా పిల్లలు ఊరు దాటి పోనక్కరలేదు. సఖినేటిపల్లి యున్నది ఒక లంక మీద. ఒకప్రక్క వసిష్ఠ, ఒకప్రక్క వైనతేయ, దక్షిణమున సముద్రము. ధవళేశ్వరము ఆనకట్టను కట్టినది ఆర్థర్ కాటన్ అని నిద్రలో లేపి యడిగినను చెప్పుదురు. 1847లో మొదలై 1852లో ముగిసినదని కూడ చెప్పుదురు. మరి ఆ ఆనకట్ట నీరు నదీపాయను దాటి మన లంకలోని చేలకు ఎట్లు వచ్చినదని యడిగినచో ఆలోచించుకొందురు. గన్నవరము దగ్గర వైనతేయపై 49 కమానుల మీద కాలువనే వంతెనగా నడిపించిరి. క్రింద నది, పైన కాలువ. ఇప్పుడు దానికి బదులు కట్టిన కొత్త అక్విడక్టుకు, లంకల గన్నవరములో ఆకలిగొన్నవారికి వేళ గాని వేళ యనక అన్నము పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు. ఆనకట్ట ఎందుకు వచ్చినదనుటకు 1833 నాటి కరవును, కరవులో జనము చెల్లాచెదరైన తీరును చదివినవానికి 1852 అను సంఖ్య ఇక జన్మలో మరపురాదు. మా గోదావరి జిల్లాలు సుభిక్షములని యతిశయించు మేము ఆ కరవును మరచుట కొంత సహజమే యనుకొందును.

పాలకుడు కాదగువాడు ఏమి తెలిసియుండవలెనను ప్రశ్నకు ఒక్కొక్క కాలము ఒక్కొక్క సమాధానము చెప్పినది. 1853 నాటి చార్టరు చట్టము సివిల్ సర్వీసునకు సిఫారసులను మాన్పి పోటీని ప్రవేశపెట్టగా, 1854లో మెకాలే సంఘము పద్ధతిని నిర్ణయించి, 1855లో లండనులో తొలి పరీక్ష జరిగెను. గ్రీకునకు 750 మార్కులు, లాటినునకు 750. సంస్కృతమునకు 375, అరబీకి 375. హిందూదేశమును ఏలవచ్చువానికి కాళిదాసుకన్న హోమరు రెండింతలు అవసరమని యా పెద్దలకు తోచెను కాబోలు! ఆ లెక్కలను దాటి 1863లో సత్యేంద్రనాథ ఠాకూరు నెగ్గుట సామాన్యమైన కార్యము కాదు. పరీక్ష మన దేశమున గూడ జరుగుటకు 1922 వరకు వేచియుండవలసివచ్చినది. స్వరాజ్యము వచ్చిన పిదప, దౌలత్ సింగ్ కొఠారీ సంఘము చెప్పినట్లు 1979 నుండి ప్రిలిమినరీ వచ్చినది. 2011లో సీశాట్, 2013లో నీతిశాస్త్రపు పత్రము. ఈ చరిత్రను పిల్లలు రెండు నిమిషములలో వల్లింతురు. ఇంతకన్న దీనికి కాలము వెచ్చింపవలసిన పనియు లేదు.

వెచ్చింపవలసినది పాతపడిన సంగతులను గుర్తించుటకు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రములో జిల్లాలు 13 నుండి 26 అయినవి; మేము తూర్పు గోదావరిలో పండుకొని కోనసీమలో లేచితిమి. అయినను పాతపుస్తకముల అంగడిలో చౌకగా వచ్చిన గైడును చదువు పిల్లవాడు ఇప్పటికిని 23 జిల్లాల ఉమ్మడి రాష్ట్రమునే యేలుచుండును. డబ్బు లేనివాని తప్పు కాదది. అట్టివారికి నేను చెప్పునది యొక్కటే: మారు సంగతులకు దినపత్రికను, మారని సంగతులకు పాఠశాల పుస్తకములను, 1968లో వెలసిన తెలుగు అకాడమీ గ్రంథములను నమ్ముకొనుడు, రెంటిని ఒకే పుస్తకములో పోసి అమ్మువానిని ప్రచురణ సంవత్సర మేదియని అడుగక కొనకుడు.

విడిచిపెట్టుటయు నొక విద్య. సివిల్సు ప్రిలిమినరీలో జనరల్ స్టడీసు పత్రము 100 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటలు. తప్పు జవాబునకు మూడవ వంతు కోత. నాలుగింటిలో ఒకదానిని కన్నుమూసి గుర్తించువానికి, అట్లు అనేక ప్రశ్నలకు చేసినచో, వచ్చునది పోవునది సరిపోవును: నాలుగింట ఒకసారి 2 మార్కులు వచ్చును, మూడుసార్లు ఒక్కొక్కటికి 0.66 వంతున దాదాపు 2 మార్కులు పోవును. కాని నాలుగింటిలో ఒక్కదానిని నిశ్చయముగా త్రోసివేయగలవానికి పాచిక అనుకూలముగా తిరుగును. ఇక్కడనే చుట్టములు గల బిట్టునకును ఒంటరి బిట్టునకును తేడా కనిపించును. ఒంటరి బిట్టు తెలియుననియో తెలియదనియో రెండే చెప్పును. చుట్టములు గలది, ‘జవాబు నాకు తెలియదు గాని, ఇది మాత్రము అయియుండదు, స్పీకరు మొదట ఓటు వేయడు కదా’ అని ఒక తలుపు మూయగలదు. ‘పై వ్యాఖ్యలలో ఎన్ని సరియైనవి?’ అను తరహా ప్రశ్నలు పెరిగిన నాటినుండి ఏది సరియో చూచాయగా పోల్చుకొను నేర్పునకు విలువ తగ్గినది. ప్రతి వ్యాఖ్యను దాని మూలము దాక పోయి తెలిసినవాడే మిగులును. ఇది నాకు సంతోషమే కాని, పట్టణములలో వేలు పోసి చదువలేని పిల్లలకు దీనివలన భార మెక్కువైనదనుటయు నిజము.

భాష సంగతి చెప్పకుండుట న్యాయము కాదు. ప్రిలిమినరీ పత్రము హిందీ, ఆంగ్లములలోనే యుండును. మెయిన్సు మాత్రము తెలుగున వ్రాయవచ్చును. తెలుగున వ్రాసి నెగ్గుట కల్ల యనువారికి రోణంకి గోపాలకృష్ణ పేరొక్కటి చాలును: శ్రీకాకుళం జిల్లా పారసాంబ నుండి వచ్చి, ఉపాధ్యాయుడుగా పనిచేయుచు, 2016 పరీక్షలో దేశమున మూడవవాడయ్యెను. అంతకు పది సంవత్సరములు ముందు కృష్ణాజిల్లా చినగొల్లపాలెము అను సముద్రపుటొడ్డు గ్రామమునకు చెందిన రేవు ముత్యాలరాజు దేశమునకే మొదటివాడయ్యెను. ఉప్పుగాలి తగులు ఊళ్ళవారికి ఈ పేరు చెప్పినప్పుడు వారు కూర్చుండు తీరే మారును.

ఇక మౌఖిక పరీక్ష, 275 మార్కులది. దరఖాస్తులో సొంతయూరు వ్రాయవలెను. ఆ వ్రాసినది పెద్దల ముందు బల్ల మీద ఉండును. సఖినేటిపల్లి యని వ్రాసినవానిని అంతర్వేది గూర్చి, 1995లో పాశర్లపూడి గ్యాసుబావి నుండి లేచిన మంట గూర్చి, 1996 నవంబరు తుపాను గూర్చి అడుగవచ్చును. వానికన్న ముందు తోచు ప్రశ్న మరియొకటి గలదు: ఎదుట కనబడుచున్న నర్సాపురమునకు మీరింకను పంటు మీద ఏల పోవుచున్నారు, వంతెన ఏల లేదు? ఈ ప్రశ్నను ఆ నోటుపుస్తకపు పిల్లవానినే అడిగితిని. అతడు నాయకులను, శంకుస్థాపనలను, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరుగుటను ప్రస్తావించి ఒక ఉపన్యాసము చేసెను. ఉపన్యాసము బాగుగనే యున్నది. ‘వంతెన ఎవరి పనో ముందు చెప్పు, కేంద్రానిదా, రాష్ట్రానిదా?’ అంటిని.

ఏడవ షెడ్యూలు తీసి వెదకినాడు. జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో నున్నవి. రాష్ట్ర జాబితాలో 13వ పద్దులో రోడ్లు, వంతెనలు, వానితో పాటు రేవు పడవలును నున్నవి. పంటును, రాని వంతెనయు ఒక్క పంక్తిలోనే కూర్చున్నవని చూచి ఆశ్చర్యపడి, నేను చెప్పకయే పదునొకండవ షెడ్యూలునకు పోయినాడు. అది 73వ సవరణతో వచ్చినది, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు గలది.

‘ఇందులోనూ పదమూడేనండి మాస్టారూ! రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు... అయితే మన రేవు వేలంపాట సొమ్ము ఎవరికి జమవుతుందండీ? పంచాయతీకా, మండలానికా, జిల్లా పరిషత్తుకా?’

‘రేపు మండల పరిషత్తు ఆఫీసుకు వెళ్లి అడుగు. పాట కాగితం చూపించమను. చూపించకపోతే సమాచార హక్కు చట్టం ఏ సంవత్సరానిదో నీకు తెలుసుగా.’

‘2005 అండి,’ అని నవ్వి, ‘దరఖాస్తు ఫీజెంతండీ?’ అని యడిగెను.