లేచి బయటికి వెళ్ళడం

మినిట్స్ పుస్తకంలో బహు అరుదుగా కనిపించే వాక్యం ఒకటుంది: ‘ఈ అంశం చర్చకు వచ్చినప్పుడు ఫలానా సభ్యులు తమ సంబంధాన్ని తెలియజేసి, గది వదిలి వెళ్ళారు.’ బడులు, గ్రంథాలయాలు, వృద్ధాశ్రమాలు నడిపే చిన్న సొసైటీలకు మినిట్స్ రాసిపెట్టడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. కోరం సరిపోయిందని రాస్తాం, గత సమావేశం తీర్మానాలను ఆమోదించారని రాస్తాం, టీ టిఫిన్ల ఖర్చు కూడా రాస్తాం. ఈ వాక్యం రాసే పని మాత్రం దాదాపు పడదు. సందర్భాలకేం, బోలెడున్నాయి. లేచేవాళ్ళే లేరు.

బడికి రెండు గదులు వెయ్యాలనుకోండి. కార్యవర్గంలో ఒకాయన బావమరిదికి సిమెంటు దుకాణం ఉంటుంది. “మనవాడే, రేటు చూసి వేస్తాడు” అంటారు. అందరూ తలూపుతారు. ఆ బస్తా నిజంగానే బజారుకన్నా పది రూపాయలు చౌక కావచ్చు. ఆయన మంచివాడే కావచ్చు, బడికి స్థలం ఇచ్చింది ఆయన తండ్రే కావచ్చు. అయినా పక్క దుకాణంలో రేటు ఎంతో ఎవరూ కనుక్కోలేదు. కనుక్కుందామని ఒకరిద్దరికి అనిపించినా, ఆయన ఎదురుగా కూర్చుని ఉండగా ఆ మాట ఎలా అంటారు? “నన్నే అనుమానిస్తారా?” అని ఆయన అననక్కర్లేదు. అంటారేమోనన్న మొహమాటం చాలు.

లాభాపేక్ష లేని సంస్థల్లో స్వప్రయోజనం అడ్డురాకుండా పెట్టుకునే నియమాలన్నీ ఈ మొహమాటం కోసమే పుట్టాయని నా నమ్మకం. ఆ సభ్యుడి నిజాయతీని తూచడానికని జనం అనుకుంటారు, అందుకే రోషపడతారు. ఆయన పది నిమిషాలు వరండాలో నిలబడితే లోపల ఉన్నవాళ్ళకు నోరు వస్తుంది. నియమానికి కావలసింది అంతే.

మన దగ్గర ఈ విషయంలో అందరికన్నా కటువుగా ఉన్నది దేవాదాయ చట్టం. ఆలయాల పాలన మీద వేసిన చల్లా కొండయ్య కమిషన్ నివేదిక తర్వాత వచ్చిన 1987 నాటి 30వ చట్టంలో, ధర్మకర్తగా ఎవరు పనికిరారో 19వ సెక్షన్ చెబుతుంది. ఆ ఆలయంతో నడుస్తున్న కౌలులో గానీ కాంట్రాక్టులో గానీ ప్రయోజనం ఉన్నవాళ్ళు పనికిరారు. ఆలయానికి బకాయి పడ్డవాళ్ళూ పనికిరారు. చెప్పి తప్పుకుంటానంటే కుదరదు, అసలు కుర్చీయే లేదు. గుడి మాన్యాన్ని కౌలుకు చేసేవాడే కౌలు ధర నిర్ణయించే చోట కూర్చుంటే ఏమవుతుందో పల్లెల్లో పెరిగిన ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. వేలం పాట ఏ రోజో, ఎన్ని గంటలకో ముందుగా తెలియడమే అక్కడ సగం లాభం.

ఈ కటువుతనం వెనక ఉన్న ఆలోచన పాతది. 1726లో ఇంగ్లండులో కీచ్ వర్సెస్ శాండ్‌ఫర్డ్ అనే కేసు నడిచింది. రామ్‌ఫర్డ్ సంత మీద వచ్చే రాబడి కౌలు హక్కు ఒక పసివాడి పేరున ట్రస్టులో ఉండేది. గడువు అయిపోయాక, పసివాడి పేరు మీద మళ్ళీ కౌలు ఇవ్వనన్నాడు యజమాని. సరే, పిల్లవాడికి ఎలాగూ దక్కదు కదా అని ట్రస్టీ తన పేరు మీద తీసుకున్నాడు. అతను మోసం చేశాడని ఎవరూ రుజువు చెయ్యలేదు. అయినా లార్డ్ ఛాన్సలర్ కింగ్ ఆ కౌలునూ దాని మీద వచ్చిన లాభాన్నీ పిల్లవాడికే ఇమ్మన్నాడు. లోకంలో ఎవరైనా ఆ కౌలు తీసుకోవచ్చు, ఆ ట్రస్టీ ఒక్కడు తప్ప అన్నది ఆ తీర్పు సారం. కారణం కూడా లోకజ్ఞానం ఉన్నదే. ట్రస్టీ తీసుకోవచ్చని ఒక్కసారి ఒప్పుకుంటే, పసివాళ్ళ పేరు మీద కౌళ్ళు పొడిగించమని గట్టిగా అడిగే ట్రస్టీ మిగలడు. మన 1882 నాటి ట్రస్టుల చట్టంలో, ట్రస్టు ఆస్తిని ట్రస్టీ సొంత లాభానికి వాడుకోకూడదన్న 51వ సెక్షన్‌దీ, అమ్మే బాధ్యత ఉన్న ట్రస్టీ తానే కొనకూడదన్న 52వ సెక్షన్‌దీ ఇదే వరస. ఆ చట్టం ప్రైవేటు ట్రస్టులకోసం రాసిందే అయినా, ధర్మ సంస్థల కేసుల్లో కోర్టులు ఈ సూత్రాలనే పట్టుకుంటాయి.

అన్నిచోట్లా ఇంత కటువుగా ఉండాలా? భూమి, కౌలు, అద్దె విషయంలో ఉండాలనే అంటాను. అవి ఒకసారి చేయి దాటితే మళ్ళీ రావు. కొనుగోళ్ళ సంగతి వేరు. మండల కేంద్రంలో ఉన్న మంచి ప్రెస్సు ఒక్కటే అయి, అది కార్యదర్శి తమ్ముడిదైతే, ప్రశ్నపత్రాలు అచ్చు వేయించడానికి జిల్లా కేంద్రానికి పరుగెత్తడం ఎవరికి మేలు? అక్కడ చెప్పడం, తప్పుకోవడం, రాసుకోవడం చాలు. కంపెనీల చట్టం కింద నమోదైన, లాభాపేక్ష లేని సెక్షన్ 8 సంస్థల డైరెక్టర్లకు ఈ దారి ఉంది. ఏటా ఆర్థిక సంవత్సరపు తొలి బోర్డు సమావేశంలో, తమకు ఏయే సంస్థల్లో ప్రయోజనం ఉందో ఎంబీపీ-1 అనే ఫారంలో రాసివ్వాలి. సొసైటీలకు అలాంటి ఫారం అందుబాటులో లేకపోతే ఏం, తెల్ల కాగితం సరిపోతుంది. కానీ ఏడుగురుంటే సొసైటీ పెట్టుకోవచ్చు కదా అని అన్న, వదిన, తోడల్లుడు, ఆయన అల్లుడు కలిసి పెట్టిన సొసైటీలు మనకు తక్కువేం లేవు. వాళ్ళలో ఒకరు లేచి వెళితే మిగిలినవాళ్ళెవరు? అక్కడ గదంతా ఖాళీ కావాలి.

పన్ను చట్టం ఈ చుట్టరికాన్ని బాగానే కనిపెట్టింది. 1961 ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షన్ ఒక జాబితా ఇచ్చింది: సంస్థ స్థాపకుడు, ట్రస్టీ, మేనేజరు, వీళ్ళ బంధువులు, వీళ్ళకు గణనీయమైన వాటా ఉన్న వ్యాపారాలు, పెద్ద మొత్తం ఇచ్చిన దాత. సంస్థ డబ్బు తగిన వడ్డీ, హామీ లేకుండా వీళ్ళకు అప్పుగా వెళ్ళినా, సంస్థ ఆస్తిని తక్కువ అద్దెకు వాడుకున్నా, చేసిన పనికి మించి జీతం తీసుకున్నా, వీళ్ళ దగ్గర ఎక్కువ ధరకు కొన్నా పన్ను మినహాయింపుకు ఎసరు వస్తుంది. గమనించండి, జీతమే తీసుకోవద్దని అనలేదు. సమంజసమైన జీతం అన్నది. ఆ సమంజసం ఎంతో ఎవరు తేల్చారు, ఏ ఆధారంతో తేల్చారు అన్న ప్రశ్న వచ్చేసరికి మళ్ళీ మినిట్స్ పుస్తకమే తెరవాలి.

ఈ చట్టంతో నాకు ఒక పేచీ ఉంది. 2022లో దీనికి జరిమానా చేర్చారు. తొలిసారి దొరికితే, అయినవాళ్ళకు చేరిన మొత్తమంత జరిమానా. మళ్ళీ దొరికితే రెట్టింపు. బాగానే ఉంది, కట్టేదెవరు? సంస్థే. కోశాధికారి కొడుకు కంపెనీకి లక్ష రూపాయలు అదనంగా వెళ్ళాయనుకుందాం. పిల్లల భోజనానికి దాచిన నిధిలో ఒక లక్ష అప్పటికే పోయింది, జరిమానాగా ఇంకో లక్ష పోతుంది. చెయ్యి పెట్టినవాడిని వదిలి హుండీకి జరిమానా వేసినట్టుంది ఇది.

అమెరికా ఈ విషయంలో తెలివిగా ఉంది. వాళ్ళ పన్ను కోడు 4958వ సెక్షన్ ప్రకారం దాతృత్వ సంస్థ నుంచి మితిమీరి ప్రయోజనం పొందిన వ్యక్తి, ఆ అదనపు మొత్తం మీద 25 శాతం పన్ను తన జేబులోంచి కట్టాలి. తీసుకున్నది సంస్థకు తిరిగి ఇవ్వకపోతే 200 శాతం. తప్పని తెలిసీ ఆమోదించిన బోర్డు సభ్యులకు 10 శాతం, ఒక్కో లావాదేవీకి 20,000 డాలర్ల పరిమితితో. తల ఊపినందుకు కూడా లెక్క ఉందన్నమాట.

అదే నిబంధనల్లో మినిట్స్ రాసేవాళ్ళకు నచ్చే ఏర్పాటు ఒకటుంది. సంబంధం లేని సభ్యులే నిర్ణయం తీసుకున్నారా? బజారులో అలాంటి పనికి ఎంత ఇస్తున్నారో చూశారా? ఆ వివరాలు అప్పుడే రాసిపెట్టారా? ఈ మూడూ ఉంటే ఆ చెల్లింపు సబబైనదనే భావిస్తారు, కాదని నిరూపించే భారం పన్ను శాఖది. ‘అప్పుడే’ అన్నదానికీ గడువు పెట్టారు: 60 రోజుల్లోగా గానీ తర్వాతి సమావేశంలోగా గానీ, ఏది ఆలస్యమైతే అంతవరకు. మన సొసైటీల్లో ఆడిటరు ఫోన్ చేశాక ఏడాది మినిట్స్ అంతా ఒక్క మధ్యాహ్నం, ఒక్క పెన్నుతో రాసే సంప్రదాయం తెలిసినవాళ్ళకు ఈ గడువు విలువ తెలుస్తుంది.

అక్కడ పెద్ద సంస్థలు ఏటా దాఖలు చేసే ఫారం 990లో కూడా మూడు ప్రశ్నలుంటాయి: స్వప్రయోజనాల మీద రాతపూర్వక నియమావళి ఉందా, సభ్యులు ఏటా తమ సంబంధాలు వెల్లడించాలా, దాన్ని అమలు చేస్తున్నారా. నియమావళి ఉండి తీరాలని పన్ను చట్టం అనదు. లేకపోతే లేదని రాయాలి, ఆ కాగితం ఎవరు అడిగినా చూపించాలి. అక్కడి తెలుగు సంఘాలకు, మన ఊరి బడులకు డబ్బు పంపే ఫౌండేషన్లకు చందా ఇచ్చేవాళ్ళు చెక్కు రాసేముందు ఆ పేజీ తీసి చూడవచ్చు. ఎంతమంది చూస్తారో గానీ.

బోర్డుల తీరు మీద నేను పదేపదే తలచుకునేది వాషింగ్టన్‌లోని సిబ్లీ ఆసుపత్రి కేసు. 1974లో జడ్జి గెసెల్ తీర్పు ఇచ్చాడు. ఆసుపత్రి డబ్బు పెద్ద మొత్తంలో, వడ్డీ రాని ఖాతాల్లో మూలుగుతూ ఉంది. ఆ బ్యాంకుల్లో కొన్నిటితో ట్రస్టీలలో కొందరికి సంబంధాలున్నాయి. ట్రస్టీలంతా కుమ్మక్కయ్యారన్న ఆరోపణ నిలబడలేదు. తేలిందేమిటంటే, సంస్థను ఏళ్ళతరబడి ఇద్దరు నడుపుతూ ఉంటే మిగిలిన పెద్దమనుషులు అడగలేదు, చూడలేదు. జడ్జి వాళ్ళను పదవుల్లోంచి తీసెయ్యలేదు, నష్టపరిహారం కట్టమనలేదు. సంబంధాలన్నీ ముందుగా వెల్లడించమన్నాడు. అయిదేళ్ళపాటు కొత్తగా వచ్చే ప్రతి ట్రస్టీ ఆ తీర్పు చదవాలన్నాడు. ఇది మెత్తని తీర్పని కొందరు లాయర్లు పెదవి విరుస్తారు. నాకు మాత్రం ఎంతో నచ్చింది. మన దగ్గర కొత్త సభ్యుడికి శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం, బైలాల ప్రతి మాత్రం బీరువాలోనే ఉంటుంది.

పని తెలిసిన కార్యదర్శి ఉంటే ఇదంతా చెయ్యడం కష్టం కాదు. ఎజెండాలో కోరం తర్వాతి అంశంగా ‘సంబంధాల వెల్లడి’ అని అచ్చు వేయిస్తే, ఫలానా వ్యక్తిని వేలెత్తి చూపినట్టు ఉండదు, అందరినీ అడిగినట్టు ఉంటుంది. ‘సభ్యుడు ఓటింగులో పాల్గొనలేదు’ అని రాసి ఊరుకోకూడదు. ఓటు వెయ్యకుండా కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంటే మిగిలినవాళ్ళ మొహమాటం ఎక్కడికి పోతుంది? ఎప్పుడు బయటికి వెళ్ళారో, ఎప్పుడు తిరిగి వచ్చారో, ఆయన లేనప్పుడు కోరం మిగిలిందో లేదో రాయాలి. వచ్చిన కొటేషన్లు, వాటి ధరలు రాయాలి. ఎక్కువ ధర ఒప్పుకుంటే ఎందుకో ఒక్క వాక్యం రాయాలి. బావమరిది సిమెంటే చౌకని తేలితే అదే కొనండి. అప్పుడు ఆ చౌకదనానికి సాక్ష్యం ఉంటుంది, ఆయన పరువుకూ రక్షణ ఉంటుంది.

ఇక లేవాల్సిన పెద్దలకు ఒక మనవి. సంస్థకు మీరు చేసిన మేలు ఎవరూ మరిచిపోలేదు. ఈసారి సమావేశంలో మీవాళ్ళ బిల్లు గానీ, మీ కోడలి ఉద్యోగం గానీ, మీ షెడ్డు అద్దె గానీ చర్చకు వస్తే, ఎవరో అడిగేదాకా ఆగకండి. కార్యదర్శి చేత ఒక వాక్యం రాయించి, మీ టీ గ్లాసు పట్టుకుని వరండాలోకి నడవండి.