ముందు ప్రశ్న, తరవాతే ఫొటో

విజయనగరం జిల్లా గరివిడిలో అర్ధరాత్రివేళ ఒక పెద్దాయనకి ఉన్నట్టుండి మూతి పక్కకి లాగేసి, కుడిచెయ్యి పైకి లేవడం మానేస్తే, ఇంట్లోవాళ్లు ముందు అడిగేది ‘ఏ డాక్టరు దగ్గరకి తీసుకెళ్దాం?’ అనే. ఆ నిమిషంలో అంతకన్నా పనికొచ్చే ప్రశ్న మరొకటుంది. ఈ వేళప్పుడు సీటీ స్కాన్ తీసే ఆసుపత్రి ఏది? చీపురుపల్లి పక్కనే ఉంది. గుర్ల, నెల్లిమర్ల దాటుకుని విజయనగరం చేరాలంటే పాతిక ముప్పై కిలోమీటర్లు. అక్కడినుంచి విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి మరో యాభై అరవై. ఈ దారిలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకుండా సాగిపోవాలో తెలిసినవాళ్లు పక్కనుంటే ఆ పెద్దాయన మళ్లీ తన చేత్తో తాను అన్నం తినే అవకాశం పెరుగుతుంది.

పక్షవాతం రెండు రకాలుగా వస్తుంది. మెదడుకి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ఒక రకం, నాళం చిట్లి రక్తం మెదడులోకి కారితే రెండోది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే వంకర మూతి, అదే ముద్దమాట, అదే పడిపోయిన చెయ్యి. ఎంత అనుభవమున్న వైద్యుడైనా మంచం పక్కన నిలబడి ఈ రెంటినీ కచ్చితంగా విడదీయలేడు. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. గడ్డ కరిగించే ఇంజక్షను మొదటి రకంలో మనిషిని నిలబెట్టగలదు, రెండో రకంలో ఇస్తే ప్రాణం తీయగలదు. కాబట్టి ముందు సీటీ, ఆ తరవాతే మందు. రక్తం కారి ఉంటే సీటీలో అది తెల్లగా మెరుస్తుంది.

ఇక్కడే చాలా కుటుంబాలు తికమకపడతాయి. మనిషి కళ్లముందు చెయ్యీ కాలూ పడిపోయి ఉంటే, స్కాను చూసిన డాక్టరు ‘ఫొటోలో ఏమీ లేదు’ అంటాడు. ‘ఏటీ నేకపోతే మరి ఇలగ పడిపోనాడేటండీ?’ అని అడుగుతారు. అడగాల్సిన మాటే. గడ్డ అడ్డుపడిన మొదటి గంటల్లో మెదడు సీటీలో దాదాపు మామూలుగానే కనిపించవచ్చు. తెల్లటి రక్తం కనిపించకపోవడమే అక్కడ కావలసిన జవాబు. చిట్లుడు లేదని తేలింది గనక, లక్షణాలు మొదలై నాలుగున్నర గంటలు దాటకపోతే, వేరే అడ్డంకులు లేకపోతే, ఇంజక్షను ఇవ్వవచ్చు. అమెరికాలో 1995లో వెలువడిన పరిశోధన ఈ మందుకి మూడు గంటల గడువు పెట్టింది. 2008లో యూరప్ వైద్యులు దాన్ని నాలుగున్నరకి పెంచారు. పెద్ద నాళంలో అడ్డుపడిన గడ్డని తీగతో లోపలికి వెళ్లి లాగేసే చికిత్స, తగిన రోగులకి 24 గంటల దాకా పనిచేస్తుందని 2018లో తేలింది. ఆ ‘తగిన రోగి’ ఎవరో చెప్పేదీ స్కానే.

ఈ చూపు వైద్యులకి దొరికి ఎన్నాళ్లో కాలేదు. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రం మొదటిసారి ఒక రోగి తలని చూసింది 1971 అక్టోబరు 1న, లండన్‌లోని యాట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో. 1979లో ఆయనకి, అలన్ కార్మాక్‌కి కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాల 1923లోనే మొదలైంది. అంటే దాదాపు అయిదు దశాబ్దాలపాటు అక్కడ చదివి బయటికొచ్చిన వైద్యులెవరికీ బతికున్న మనిషి మెదడులో రక్తం కారిందో లేదో పుర్రె తెరవకుండా నేరుగా చూసే దారి లేదు. ఇవాళ అదే పని సీటీ బల్లమీద కొద్ది నిమిషాల్లో ముగుస్తోంది. ఆ బల్లదాకా చేరడానికే గంటలు పడుతున్నాయి.

పక్షవాతంలోనే కాదు, ప్రమాదాల్లోనూ ఫొటో దారి చూపిస్తుంది. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ–పలాస పాసింజరుని వెనకనుంచి విశాఖ–రాయగడ పాసింజరు ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు, యాభైమంది దాకా గాయపడ్డారు. పలాస బండి నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి మీదుగా వెళ్లే బండి. ఈ ఊళ్లవాళ్లు రోజూ ఎక్కే బండి. అలాంటి రాత్రి క్యాజువాలిటీలోకి ఒక్కసారిగా పదులకొద్దీ మనుషులు వస్తే ఎవరిని ముందు ఆపరేషన్ థియేటర్‌కి పంపాలి? గట్టిగా అరిచేవాళ్లకన్నా మౌనంగా పడివున్నవాళ్లకే ఒక్కోసారి ప్రమాదం ఎక్కువ. కాలు విరిగితే కంటికి కనిపిస్తుంది, ప్లీహం పగిలితే కనిపించదు.

దానికి సమాధానం మంచం దగ్గరకే వచ్చే అల్ట్రాసౌండు. ‘ఫాస్ట్’ అని పిలిచే పరీక్షలో వైద్యుడు నాలుగే చోట్ల చూస్తాడు. కుడివైపు కాలేయానికి, మూత్రపిండానికి నడుమ; ఎడమవైపు ప్లీహం చుట్టూ; పొత్తికడుపులో; గుండె చుట్టూ ఉండే పొరలో. అడిగే ప్రశ్న ఒక్కటే, ఉండకూడని చోట రక్తం ఉందా? అల్ట్రాసౌండులో అది నల్లగా కనిపిస్తుంది. నల్లటి మడుగు కనిపించి, బీపీ పడిపోతూ ఉంటే ఆ మనిషిని సీటీకి తిప్పకుండా నేరుగా థియేటర్‌కి తీసుకెళ్తారు. బీపీ నిలకడగా ఉంటే సీటీ తీసి ఏ అవయవం ఎంత చితికిందో చూస్తారు. ఫాస్ట్‌లో ఏమీ కనిపించకపోయినా గాయం లేదని హామీ ఉండదు. కొద్దిపాటి రక్తం దాని కంటపడదు. అందుకే మంచి వైద్యులు కొంతసేపాగి మళ్లీ చూస్తారు.

ఈ అల్ట్రాసౌండు పుట్టుక గరివిడివాళ్లకి దగ్గరగా తోచే కథ. 1950లలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు, లోహంలో పగుళ్లు వెతకడానికి ఫ్యాక్టరీలో వాడే యంత్రం చూసి, దాంతో కడుపులోని గడ్డల్ని ఎందుకు చూడకూడదనుకున్నాడు. ఆపరేషన్‌లో తీసిన గడ్డల్ని ఫ్యాక్టరీకే పట్టుకెళ్లి పరీక్షించాడు. 1958లో ఆయన బృందం రాసిన వ్యాసం వైద్యలోకంలో కొత్త దారి వేసింది. మాంగనీసు గనులూ, ఫేకర్ కంపెనీ లోహపు కొలిమీ చూసిన ఊరికి లోహాన్ని పరీక్షించడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

అన్నిటికీ పెద్ద యంత్రమే కావాలని కూడా లేదు. గనిలోనో పొలంలోనో నడుము వంచి పనిచేసేవాళ్లు మోకాళ్ల నొప్పికీ నడుంనొప్పికీ మెడికల్ షాపులో మాత్రలు కొని నెలల తరబడి మింగుతారు. ఆ మాత్రలు కొందరి పొట్టలో పుండు చేస్తాయి. ఒకరోజు ఆ పుండు చిల్లుపడి, కడుపు చెక్కలా గట్టిపడి, మనిషి కదల్లేక ముడుచుకుపోతాడు. అప్పుడు నిటారుగా కూర్చోబెట్టి తీసిన మామూలు ఛాతీ ఎక్స్‌రే చాలాసార్లు సంగతి చెప్పేస్తుంది. చిల్లులోంచి బయటపడిన గాలి పైకి చేరి, కుడివైపు కాలేయం మీద సన్నని నల్ల గీతలా కనిపిస్తుంది. పడుకోబెట్టి తీస్తే ఆ గీత దొరకకపోవచ్చు. నొప్పితో మెలికలు తిరిగే మనిషిని అనునయించి, పట్టుకుని, కొన్ని నిమిషాలు నిటారుగా కూర్చోబెట్టే ఎక్స్‌రే టెక్నీషియన్ చేతిలో ఉంది ఆ విద్య. రిపోర్టు మీద అతని పేరు ఉండదు.

ఇలాంటిదే మరొకటి. నెల తప్పిన అమ్మాయికి ఒకపక్క పొత్తికడుపు నొప్పి, కళ్లు తిరగడం. అల్ట్రాసౌండులో గర్భసంచి ఖాళీగా ఉండి, చుట్టూ నల్లటి ద్రవం కనిపిస్తే, పిండం గర్భసంచి పక్కనుండే నాళంలో పెరిగి ఆ నాళం పగిలిందని వైద్యులు గట్టిగా అనుమానించాలి. గంటల్లో ప్రాణం పోయే స్థితి అది. ఆడపిల్లల్ని కడుపులోనే చంపకుండా కాపాడటానికి 1994లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండు యంత్రం రిజిస్టరై ఉండాలి, ప్రతి గర్భిణి పరీక్షకీ ఫారం నింపాలి. ఆ చట్టం అవసరం. చట్టాన్ని పాటిస్తూనే రాత్రిపూట క్యాజువాలిటీలో ఆ యంత్రాన్ని నడిపే మనిషిని ఉంచడమూ అంతే అవసరం.

విశాఖలో ఎంబీబీఎస్ చదివిన కాకర్ల సుబ్బారావు (1925–2021) ఎముకల ఎక్స్‌రేలు చదవడంలో అమెరికాలో పేరు తెచ్చుకున్నారు. తిరిగొచ్చి హైదరాబాదు నిమ్స్‌కి డైరెక్టరుగా పనిచేశారు. 2000లో పద్మశ్రీ అందుకున్నారు. తెలుగునాట రేడియాలజీ అనగానే గుర్తొచ్చే పేరు అది. ఇలా ఫొటోలు చదివే రేడియాలజిస్టు పని యంత్రంతో మొదలవదు, స్కాను అడుగుతూ పంపిన చీటీతో మొదలవుతుంది. ‘సీటీ బ్రెయిన్’ అని రెండు మాటలు రాసిన చీటీకీ, ‘రాత్రి పదింటికి కుడిచెయ్యి పడిపోయింది, బీపీ మందులు వాడుతున్నారు, చిట్లిందా?’ అని రాసిన చీటీకీ ఎంతో తేడా ఉంది. రెండోది చదివిన కన్ను సరైన చోట ఆగుతుంది. ఇవాళ డిజిటల్ ఫొటో నిమిషాల్లో ఊళ్లు దాటి ఎక్కడో ఉన్న రేడియాలజిస్టు తెరమీదకి చేరుతోంది. రోగిని చూడని ఆ వైద్యుడికి చీటీలోని మాటలు ఇంకా ముఖ్యం.

ఫొటో తీయకూడని సందర్భాలూ ఉన్నాయి. ఛాతీలో గాలి బిగుసుకుపోయి ఊపిరితిత్తిని నొక్కేస్తూ, బీపీ జారిపోతుంటే ఎక్స్‌రే కోసం ఆగకూడదు, ముందు సూదితో గాలి తీసెయ్యాలి. బండిమీంచి పడి తలకి చిన్న దెబ్బ తగిలిన ప్రతివాళ్లకీ సీటీ అక్కర్లేదు. 2001లో కెనడా వైద్యులు దీనికి కొన్ని గుర్తులు చెప్పారు. కాసేపు స్పృహ తప్పినవాళ్లలో రెండు లేదా అంతకుమించి వాంతులైతే, వయసు 65 లేదా అంతకు పైబడి ఉంటే, రెండు గంటలైనా పూర్తి తెలివి రాకపోతే, చెవిలోంచి రక్తమో నీరో కారితే స్కాను తీయాలి. రక్తం పలచనయ్యే మందులు వాడేవాళ్ల సంగతి వేరు, వాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తల సీటీలో పడే రేడియేషను సుమారు రెండు మిల్లీసీవర్టులు, ప్రకృతినుంచి మనిషికి ఏడాదిలో సగటున అందేదానికి దగ్గరగా. అవసరమైనప్పుడు దానికి భయపడనక్కర్లేదు, అవసరం లేనప్పుడు తీయించుకోనూ అక్కర్లేదు.

ఉద్దానం ఉన్న శ్రీకాకుళం జిల్లాకి పొరుగు ప్రాంతం ఇది. ఆ ఉద్దానం మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్లని కుంగదీసిన నేల. కొన్ని సీటీలకి నరంలోకి రంగుమందు ఎక్కిస్తారు, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకి దాంతో ఇబ్బంది రావచ్చు. ఆ జబ్బు ఉన్నవాళ్లు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చివరిసారి రిపోర్టు ఆసుపత్రి సంచిలో ఎప్పుడూ ఉంచుకోవాలి. పక్షవాతంలో మొదట తీసే తల సీటీకి రంగుమందు అక్కర్లేదు గనక, ఆ భయంతో దాన్ని ఆపవద్దు.

గరివిడి చుట్టుపక్కల చదువరులకి ఒక్క విన్నపం. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పావురం రక్తం రాయొద్దు, పసరు పోయొద్దు, తెలిసినవాళ్లెవరో ఇచ్చిన మాత్ర మింగించొద్దు. చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికో గడియారం చూసి కాగితం మీద రాయండి. 108 అంబులెన్సుకి ఫోను చేసి, సీటీ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి. పాత ఫిల్ములు, వాడే మందుల చీటీలు వెంట పట్టుకెళ్లండి. జిల్లా అధికారులకీ ఒక మాట. రాత్రిపూట సీటీ, అల్ట్రాసౌండు, వాటిని చదివే వైద్యుడు ఏ ఆసుపత్రిలో ఉన్నారో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడమీద, ప్రతి గ్రామ సచివాలయంలో ఫోను నంబరుతో సహా రాయించండి. దానికి కొత్త యంత్రమేదీ కొననక్కర్లేదు.