చేను చూసి వండాలి

ఆదివారం పొద్దున్న నెక్లెస్ రోడ్డు మీద పరుగు ముగించుకుని టిఫిన్ బండి దగ్గర నిలబడ్డాం. ఆగస్టు మారథాన్ దగ్గరపడుతోంది కాబట్టి అందరూ దూరాలు పెంచారు. మా బృందంలో ఒక బ్యాంకు ఉద్యోగిని ఉంది, ఇంకా ముప్పై నిండలేదు. ఆ రోజు 18 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, రెండిడ్లీలు తిని ప్లేటు పక్కన పెట్టేసింది. "ఇంకో ప్లేటు చెప్పనా అమ్మా?" అన్నాను. "వద్దాంటీ, అస్సలు ఆకల్లేదు" అంది. ఈలోగా పక్కనున్న పెద్దమనిషి, "భలే సన్నబడ్డారండీ, ఆ రహస్యమేదో మాకూ చెప్పండి" అన్నాడు. ఆ మెచ్చుకోలు నాకు వారమంతా మింగుడుపడలేదు.

ఆ అమ్మాయి సన్నబడాలని పరుగు మొదలుపెట్టలేదు. తగ్గడానికి ఒంట్లో అదనంగా ఏమీ లేదు కూడా. పరుగంటే ఇష్టం, అంతే. ఇప్పుడు మోకాలి కింద ఎముక సలుపుతోందట, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదట. బరువు తగ్గాలని పరుగెత్తేవాళ్లకు సలహాలు చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. ఉన్న బరువు నిలుపుకుంటూ పరుగెత్తాలనుకునేవాళ్ల గోడు పట్టించుకునేవాళ్లు లేరు. ఈ వారం మాట వాళ్లకోసం.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదలలు తెలుసు. అన్నం మీద నిందలు వేయొద్దంటాను. వంటింట్లోకి త్రాసు రానివ్వొద్దంటాను. చేతి గడియారం చూపించే కేలరీల అంకెను నమ్ముకుని కంచం ముందు కూర్చోవద్దంటాను. ఆకలేస్తే తినాలి, నిండితే లేవాలి, మధ్యలో లెక్కలెందుకు? ఈ వాదనకు సాక్ష్యం కావాల్సి వచ్చినప్పుడల్లా మా అమ్మమ్మనే పిలుస్తాను. ఈసారీ పిలుద్దామనే కూర్చున్నాను.

అమ్మమ్మది కోనసీమలో, అమలాపురానికి దగ్గర్లో ఒక ఊరు. ఇదే ఆషాఢమాసం, ఇవే ఊడ్పుల రోజులు. తెల్లారకముందే ఆడవాళ్లు నారుకట్టలతో చేలోకి దిగేవారు. మోకాలిలోతు బురదలో, నడుం ఎత్తకుండా, పొద్దు వాలేదాకా నాటేవారు. వాళ్ల తిండి మా వంటింట్లోంచే వెళ్లేది. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం కావిడి మీద గంగాళంతో అన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, కుండతో మజ్జిగ. నాలుగింటికి వేయించిన శనగలు, బెల్లం ముక్క. ఇందులో దయ ఎంతో, పని ఆగకూడదన్న ఆలోచన ఎంతో నేను విడదీసి చెప్పలేను. రెండూ ఉండేవి.

ఎసరు పెట్టాక అమ్మమ్మ బియ్యం డబ్బాలోంచి ఇత్తడి సోల తీసేది. మామూలు రోజుల్లో సోల ముంచి, అరచేత్తో అంచుకి చదునుగా గీసి, మిగిలిన గింజలు డబ్బాలోకే తోసేది. ఊడ్పుల రోజుల్లో అలా గీసేది కాదు. బియ్యం పైన గోపురం కట్టి, అంచుల మీంచి గింజలు జారుతుంటే అలాగే తెచ్చి ఎసట్లో పోసేది. మనిషికి పూటకో సోల లెక్క. కోతలప్పుడూ అంతే. పని లేని రోజుల్లో మళ్లీ అరచెయ్యి అంచు మీదికొచ్చేది.

కావిడి వెనకాల చేలోకి వెళ్లడం నాకు సరదా. గట్టు మీద కూర్చున్న ఆడవాళ్లలో ఎవరో ఒకరు కంచం జరిపేసేవారు. "ఆకల్లేదండమ్మగారూ, మజ్జిగ పొయ్యండి చాలు." అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. "ముందు మజ్జిగ తాగి కాసేపు నీడన కూర్చో, ఆనక తిను. నేను నీ ఆకల్ని అడిగి వండలేదు, చేను చూసి వండాను" అనేది. ఉప్పేసిన మజ్జిగ తాగి, చింతచెట్టు కింద కాసేపు కూర్చుంటే, ఆ మనిషే మళ్లీ కంచం దగ్గరకు జరిగేది.

నా సాక్షి నా వైపు మాట్లాడలేదు. ఆకలి చెప్పినంతే తినమని అమ్మమ్మ ఎవరికీ చెప్పలేదు. కొలిచింది. పనిని బట్టి కొలత మార్చింది. పెట్టిన కొలత లోపలికి వెళ్లేదాకా కనిపెట్టుకుని ఉంది.

అందులో శాస్త్రం ఉంది. ఒళ్లు బాగా అలిసిన వెంటనే ఆకలి కాసేపు అణిగిపోతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఆ సమయంలో తగ్గడం ఒక కారణం, ఒళ్లు వేడెక్కి ఉండటం ఇంకొకటి. పరుగు ఆపిన అరగంటకు ఆకల్లేదంటే కడుపుకి అవసరం లేదని కాదు. అప్పటికి ఆఫీసు వేళవుతుంది, స్నానం, ట్రాఫిక్, మీటింగు. ఆకలి నిద్రలేచేసరికి తినే సమయం దాటిపోయి ఉంటుంది. ఈ లోటు రాత్రి భోజనంలో పూర్తిగా తీరదు.

ఎంత లోటు? పరుగుకయ్యే ఖర్చు సుమారుగా కిలో బరువుకి, కిలోమీటరుకి ఒక కేలరీ. 60 కిలోల మనిషి వారానికి 40 కిలోమీటర్లు పరుగెత్తితే 2,400 కేలరీలు, అంటే రోజుకి దాదాపు 340. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టిక ప్రకారం 100 గ్రాముల బియ్యంలో ఉన్నది సుమారు 356. రోజూ ఒక 100 గ్రాముల బియ్యం అదనంగా ఎసట్లో పడితే చాలన్నమాట. వినడానికి చిన్న సంగతే. ఆ చిన్నది పడకపోతే, కాగితం మీద లెక్క ప్రకారం మూడు వారాలు దాటేసరికి ఒంట్లో ఒక కిలో కరిగిపోతుంది. ఆ ఆదివారం 18 కిలోమీటర్లకు 900 పైచిలుకు ఖర్చుపెట్టిన పిల్ల, రెండిడ్లీలు, చట్నీతో 200 కూడా తిరిగి తెచ్చుకోలేదు.

ఇంతకంటే బాధపెట్టే విషయం ఇంకొకటుంది. కొందరికి బరువు తగ్గకుండానే లోటు నడుస్తుంది. వచ్చేది చాలనప్పుడు శరీరం ఖర్చులు కోసేసుకుంటుంది. నెలసరి ఆపేస్తుంది, ఎముకల మరమ్మతు వాయిదా వేస్తుంది, నిద్ర చెడగొడుతుంది, ఊరికే చలి పుట్టిస్తుంది, చిరాకు తెప్పిస్తుంది. త్రాసు ముల్లు మాత్రం కదలదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకూ వస్తుందన్నారు. పతకాలు గెలిచేవాళ్ల జబ్బని అనుకోకండి. కూకట్‌పల్లిలో కాపురం, హైటెక్ సిటీలో ఉద్యోగం, ఉపవాసాలు, డైటింగులు, వాటి మీద వారానికి 40 కిలోమీటర్లు ఉంటే అదీ దారే.

ఏం తినాలన్నది అంత కష్టమైన ప్రశ్న కాదు. కెన్యా కొండల్లో ప్రపంచాన్ని గెలిచే పరుగువీరుల భోజనంలో పెద్ద వాటా ఉగాలిది, అంటే మొక్కజొన్నపిండి ముద్దది. పైన పాలూ పంచదారా దండిగా పోసిన టీ. మనకు అన్నం ఉంది. బరువు నిలవనివాళ్లు పాలిష్ బియ్యం అన్నం ధైర్యంగా తినొచ్చని నా అభిప్రాయం. కొర్రలూ ఆకుకూరలూ మంచివే, కానీ పీచు ఎక్కువ కాబట్టి చాలినంత తినకముందే పొట్ట నిండిపోతుంది. రాగిజావ తాగాం కదా అని తృప్తిపడేవాళ్లకు ఒక మాట. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల పిండి కలిపితే అందులో 100 కేలరీలు కూడా ఉండవు. పాలు పోయండి, బెల్లం వేయండి. ఘనపదార్థం దిగనప్పుడు తాగేది దిగుతుంది, ముఖ్యంగా విజయవాడ ఎండల్లో పరుగెత్తేవాళ్లకు. పరుగైన గంటలోపు ఒక అరటిపండు, గ్లాసు పాలు. మధ్యాహ్నం పప్పన్నంలో మీరు వేసుకునేదానికి ఇంకో చెంచా నెయ్యి. సాయంత్రం ఒక సున్నుండో, పల్లీపట్టీయో. కొంచెంలో ఎక్కువ బలం దాచుకున్న వంటలివి, మన ఇళ్లలో ఇంకా బతికే ఉన్నాయి.

కంచాన్ని లెక్కల పుస్తకం చేయొద్దన్న మాట మీద నాకు ఇప్పటికీ నమ్మకమే, కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లకి. పరుగెత్తేవాళ్లకు మాత్రం కొలత కావాలి. జీవితాంతం అక్కర్లేదు, దూరాలు పెంచుతున్న రోజుల్లో చాలు. బియ్యం డబ్బాలో ఉన్న గ్లాసే తీసుకోండి. ఎన్ని గ్రాములు పడుతుందో ఒక్కసారి తూచి చూసుకోండి. వారం దూరాన్ని బట్టి ఎంత ఎక్కువ పొయ్యాలో ముందు రాత్రే నిర్ణయించండి, పొద్దున ఆకల్ని అడగొద్దు. వారానికొకసారి, అదే రోజు, అదే వేళకు బరువు చూడండి. ముల్లు కదలకపోయినా నిద్ర, నొప్పులు, నెలసరి గమనించండి.

పరుగెత్తే అమ్మాయిలకు, వాళ్ల అమ్మలకు ఒక విన్నపం. మూడు నెలలు వరసగా నెలసరి రాకపోతే శ్రమ వల్లేలే అని సర్దుకోకండి. ఎముక మీద వేలు పెడితే ఒకేచోట నొప్పిగా ఉంటే కట్టుకట్టి పరుగెత్తకండి. పరుగు ఆపి డాక్టరుకు చూపించుకోండి. వారానికి ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తుతున్నారో, రోజుకి ఏం తింటున్నారో రెండూ దాచకుండా చెప్పండి.