దిగి లేచే చేతులకు

దండీ, నిన్ను పొగడడం ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుసు. తాలింఖానా ఎర్రమట్టిలో కాదు, జిమ్ము అద్దాల ముందూ కాదు. బొంత మీద, నాలుగైదు నెలల పసిబిడ్డ దగ్గర. వెల్లకిలా పడుకున్న బిడ్డ ఒకనాడు పక్కకి ఒరుగుతుంది. కింద ఇరుక్కున్న చేతిని లాక్కుంటుంది, బోర్లా పడుతుంది. తల బరువుకి ముక్కు బొంతకి అదుముకుంటుంది. ఏడుపొస్తుంది. ఆ ఏడుపులోనే రెండు గుప్పిళ్లూ ఆనించి, మోచేతులు ఊగుతుండగా, రొమ్ము పైకెత్తుతుంది. అంతవరకు ఇంటికప్పునే చూసిన కళ్లు మొదటిసారి గడపను, గడప అవతలి వాకిలిని చూస్తాయి. ఆ పూట ఇంట్లో పూర్ణం ఉడుకుతుంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అని మన అమ్మమ్మలు పెట్టిన వరస. నడకకు ముందే, మాటకు ముందే, చేతులతో నేలను నెట్టి తలెత్తడం ఇంటికి పండగ. నీ పేరు ఎవరికీ గుర్తు రాకపోయినా ఆ పండగ నీదే.

తరవాత బిడ్డ నిలబడుతుంది. చేతులు నేలను వదిలేస్తాయి. అరచేతులకు వేరే పనులు దొరుకుతాయి: కలం, గరిటె, స్టీరింగు, ఫోను. నూతి దగ్గర చేద తోడినన్నాళ్లు, రోటి దగ్గర రోకలి ఎత్తినన్నాళ్లు రెట్టలకు పని ఉండేది. మోటారు వచ్చింది, మిక్సీ వచ్చింది. మంచిదే. మన నాయనమ్మల నడుములు విరిచిన ఆ చాకిరీ మళ్లీ రావాలని నేను కోరను. కానీ చాకిరీ వెళుతూ వెళుతూ బలాన్నీ వెంట తీసుకుపోయింది. అటక మీది డబ్బా దించబోతే భుజం పట్టేస్తుంది. గ్యాస్ సిలిండరు జరపాలంటే పక్కింటి కుర్రాణ్ణి కేకెయ్యాలి. అప్పుడు, ముప్పై ఏళ్లకో యాభై ఏళ్లకో, మనిషి మళ్లీ నీ దగ్గరికి వస్తాడు. వస్తుంది. పనులన్నీ అయ్యాక గది తలుపు దగ్గరగా వేసుకుని, చాప పరుచుకుని, అరచేతులు రెండూ నేల మీద ఆనిస్తుంది.

నువ్వు పని చెప్పే ఆ భుజం ఎంత అద్భుతమైనదో! కాలు తుంటి గుంటలో లోతుగా దిగి కూర్చుంటుంది. చెయ్యి అలా కాదు. చేతిని మొండెంతో ఎముకకు ఎముకగా కలిపే కీలు ఒక్కటే ఉంది: గొంతు గుంట పక్కన, కాలర్ బోను రొమ్ము ఎముకను తాకే చోట. వీపు మీది రెక్క ఎముకకు పక్కటెముకలతో కీలు లేదు, అది కండల మధ్య తేలుతూ ఉంటుంది. అందుకే చెయ్యి ఆకాశానికీ ఎగురుతుంది, వీపు వెనక్కీ పోతుంది. ఒంట్లో అంత స్వేచ్ఛగా తిరిగే కీలు మరొకటి లేదు. ఆ స్వేచ్ఛకు కాపలా కాసేవి కండలే. రొమ్ము మీద పరుచుకున్న పెద్ద కండ, భుజం ముందువైపు గుండ్రటి కండ, రెట్ట వెనక మూడు పాయల కండ. ఈ మూడింటినీ ఎవరైనా పొగుడుతారు, అద్దంలో కనిపిస్తాయి కాబట్టి. నాకు మరీ ఇష్టమైనది చంక కింద దాక్కున్న నాలుగోది. పైనున్న ఎనిమిది తొమ్మిది పక్కటెముకల నుంచి పాయలుగా బయల్దేరి, పక్కలను చుట్టుకుంటూ వెనక్కి పోయి, రెక్క ఎముక లోపలి అంచును పట్టుకుంటుంది. దండీ పూర్తయి మోచేతులు చాచుకున్నాక నేలను ఇంకొక్క అంగుళం నెడితే వీపు కాస్త గుండ్రమై రెక్కలు రెండూ విచ్చుకుంటాయి. ఆ అంగుళం దాని కానుక. చాలామంది అది పుచ్చుకోకుండానే మళ్లీ కిందికి దిగుతారు. కొత్తవాళ్లు మొదటి రోజు నుంచే అడిగి పుచ్చుకోవాలి.

కొత్తవాళ్ల మీద నీకున్న దయ తెలియాలంటే మేడమెట్ల దగ్గరికి రావాలి. ముందు గోడ. గోడకు చేతెడు దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి, రొమ్మును గోడ దాకా తీసుకెళ్లి వెనక్కి రావడం. అది నీ ఓనమాలు, అందులో చిన్నతనం ఏమీ లేదు. తరవాత మెట్లు. అరచేతుల మీద ఎంత బరువు పడుతుందో కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. చేతులు రెండడుగుల ఎత్తున ఉంటే ఒంటి బరువులో సుమారు 41 శాతం. అడుగు ఎత్తున ఉంటే 55. చేతులూ కాళ్లూ నేల మీదే ఉంటే 64. నేల మీదే మోకాళ్లు ఆనిస్తే 49. అంటే 60 కిలోల మనిషి రెండడుగుల ఎత్తుండే నాలుగో మెట్టు మీద చేతులు పెడితే పాతిక కిలోలు మోస్తుంది. రెండో మెట్టు దగ్గర 33. నేల మీద 38. మనుషులు మేడ ఎక్కడానికి కట్టుకున్న మెట్లను నువ్వు తిరగేశావు. నీ లోకంలో ఒక్కో మెట్టు దిగినవాళ్లే ఎదిగినట్టు. ఇనుప బిళ్లలు కొనక్కర్లేదు, చందా కట్టక్కర్లేదు, ఇంటి మెట్లే నీ తూకపు రాళ్లు.

ఇంత దయ ఉన్నా మొదటి రోజుల్లో చేతులు వణుకుతాయి. నడుము జారుతుంది, పిరుదులు పైకి లేస్తాయి, మెడ ముందుకు సాగుతుంది. ఆ వణుకును చూసి చాలామంది నిన్ను వదిలేసి పోతారు. నేను ఆ వణుకుకే మొక్కుతాను. వెన్నుపాము నుంచి బయల్దేరే ఒక్కో నాడీకణం కండలో కొన్ని పోగులను తన చేతికింద పెట్టుకుంటుంది. ఆ కణమూ ఆ పోగులూ కలిసి ఒక జట్టు. చిన్న జట్లు ముందు లేస్తాయి. బరువు పెరిగేకొద్దీ పెద్దవాటికి పిలుపు వెళుతుంది. కొత్త ఒంట్లో ఆ పెద్ద జట్లకు పిలుపు సరిగా అందదు, అందినవి ఒక్కసారిగా లేవవు. అందుకే మొదటి కొన్ని వారాల్లో వచ్చే బలంలో ఎక్కువ భాగం నాడులు నేర్చుకున్న పొందికే. టేపు పెట్టి రెట్ట చుట్టుకొలత తీస్తే ఏమీ మారినట్టుండదు. కానీ నిన్న మూడో మెట్టు దగ్గర ఆగిపోయిన మనిషి ఇవాళ రెండో మెట్టు దగ్గర ఉంది. పోగులు లావెక్కడం ఆ తరవాత. కండను ఎముకకు కట్టే స్నాయువు గట్టిపడడం ఇంకా నిదానం. దానికి నెత్తురు అందేది తక్కువ, తొందరపెడితే మణికట్టూ మోచెయ్యీ మొరపెట్టుకుంటాయి. ఆ మొర వినాలి. అరచెయ్యి వెనక్కి వంగలేకపోతే పిడికిలి మీద నిలబడనిస్తావు నువ్వు. మోచేతులు పక్కలకు బార్లా తెరవకుండా ఒంటికి కాస్త దగ్గరగా, వెనకవైపుకు పోతే చాలు, భుజం కీలును నొప్పించవు.

లేవడం గురించి అందరూ మాట్లాడతారు. నేను దిగడం గురించి చెప్పాలి, ఎందుకంటే నీ అసలు వరం అక్కడ ఉంది. కండ కుంచించుకుంటూ ఎత్తగలిగే బరువు కంటే, సాగుతూ ఆపగలిగే బరువు ఎక్కువ. అంటే ఒక్కసారి కూడా లేవలేని మనిషి మెల్లగా దిగగలదు. చేతులు చాచి, తల నుంచి మడమ దాకా ఒకే గీతగా బిగించి, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు అని లెక్కపెడుతూ కిందికి రావాలి, నిద్రపోయిన పిల్లను ఉయ్యాల్లో దింపే చేతులతో. రొమ్ము నేలకు తాకాక మోకాళ్లు ఆనించి, ఎలా వీలైతే అలా పైకి వచ్చి, మళ్లీ దిగాలి. పైకి ఎలా వచ్చారని నువ్వు అడగవు. ఆ దిగడంలోనే పోగులు సాగి, చిట్లి, తరవాతి రోజుల్లో కోలుకుని, గట్టిపడతాయి. మర్నాడు రొమ్ము పట్టేస్తుంది, రెండో నాడు తల దువ్వుకోవడానికి చెయ్యి లేవదు. పప్పు, పెరుగు, గుడ్డు, ఉలవచారు, కంటినిండా నిద్ర, ఒక రోజు ఆటవిడుపు. నువ్వు అడిగే నైవేద్యం అంతే.

నీలో నిప్పు ఎక్కడ దాగి ఉందో ముందు చూసినవాళ్లలో మన తెలుగువాడు ఒకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి 1925లో ప్రకటించాడు. ఆ కొలతే ఆసరాగా 1927లో ఇద్దరూ కండలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. అదే ఏడు ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా అక్కడికే చేరుకున్నారు. కండ కదలాలంటే ఏటీపీ అనే ఇంధనం ఖర్చవ్వాలి. అది కండలో రెండు మూడు సెకన్లకు సరిపడానే ఉంటుంది. ఖర్చయినదాన్ని అక్కడికక్కడే నింపేది ఈ ఫాస్ఫోక్రియాటిన్, అదీ గట్టి శ్రమలో ఓ పది సెకన్ల దాకా. కొత్త మనిషి తీసే రెండు మూడు దండీల ఆయుష్షు సరిగ్గా అంతే. చేతులు ఇక లేవవు అనిపించే క్షణంలో నిండుకున్నది పట్టుదల కాదు, ఆ చిన్న నిల్వ. రెండు మూడు నిమిషాలు గోడకు చేరగిలబడి ఊపిరి పీలిస్తే అందులో చాలా భాగం తిరిగి నిండుతుంది. ఇది తెలిశాక విశ్రాంతిని నేను బద్ధకం అనలేను. గోడకు ఆనుకుని రొప్పుతున్న ప్రతి కొత్త మనిషి రెట్టల్లోనూ భీమవరం కుర్రాడు చూసిన ఆ పని నడుస్తూ ఉంటుంది. దేశం కాని దేశంలో గాజు గొట్టాల ముందు నిలబడి ఆయన కనుక్కున్నది మన ఒంటి గుట్టే.

మన నేల మీద నీకు పాత ఇళ్లున్నాయి. ఆంజనేయస్వామి పటం ముందు ఎర్రమట్టి గోదా, మూలన గదలు, సాముగరిడీ కర్రలు, తెల్లవారకముందే దండీలు బస్కీలు తీసే కుర్రాళ్లు. ఆ దండీ ఇప్పటి నిటారు పుషప్ కాదు. నడుము ఎత్తి, రొమ్మును నేలకు రాసినంత కిందుగా చేతుల మధ్య నుంచి ముందుకు జార్చి, తల ఎత్తి లేవడం. వెన్నెముక మొత్తం పలికే దండీ అది. నిటారు దండీ చేతికి వచ్చాక అందరూ దాన్నీ నేర్చుకోవాలని నా కోరిక. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు ఆ సంప్రదాయంలోంచి వచ్చినవాడే. పిల్లలకు వ్యాయామం నేర్పే ఉపాధ్యాయుడిగా పనిచేసి, తరవాత సర్కస్ కట్టి, రొమ్ముకు చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచాడు. ఏనుగును రొమ్ము మీద నిలబెట్టుకున్నాడు.

ఆ తాలింఖానాల్లోకి ఆడపిల్లలకు చాలాకాలం అడుగు పడలేదు. రామమూర్తి నాయుడు పుట్టిన శ్రీకాకుళం సీమలోనే, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. బరువు తల మీదికి వెళ్లాక మోచేతులను నిటారుగా బిగించి పట్టుకునేది రెట్ట వెనకున్న మూడు పాయల కండ. చాప మీద దండీ చివర మోచేతులు చాచేదీ అదే. ఆడవాళ్లకు చేతుల్లో బలం ఎందుకు అని ఇంకా అడిగేవాళ్లకు నేను వేరే జవాబు వెతకను. అయినా పతకాల దాకా ఎందుకు? స్నానాల గదిలో కాలు జారిన పెద్దావిడ రెండు చేతులూ నేలకు ఆనించి తనంతట తాను లేచి కూర్చోగలిగితే, ఆ బలం చిన్నదని ఎవరనగలరు?

ఒకనాటి పొద్దున మెట్లన్నీ అయిపోతాయి. చాప మీద అరచేతులు భుజాల కన్నా కాస్త ఎడంగా, వేళ్లు విప్పారి, బొటనవేళ్లు నేలను పట్టుకుని. ఊపిరి పీలుస్తూ దిగుతుంది. మోచేతులు మడుస్తాయి, రొమ్ము చాపకు నాలుగు వేళ్ల దూరం దాకా వస్తుంది. అక్కడ, ఎప్పుడూ మోకాళ్లు సాయం వచ్చే చోట, ఈసారి రావు. ఊపిరి వదులుతూ నెడుతుంది. సగం దాకా వచ్చి ఆగుతుంది. ఎన్నడూ లేవని పెద్ద జట్టు ఒకటి పిలుపు వింటుంది. ఒళ్లంతా ఒక్క చెక్కగా లేస్తుంది, మోచేతులు చాచుకుంటాయి, పైన ఆ చివరి అంగుళం కూడా అందుతుంది. దండీ, నువ్వు వచ్చావు! లోపల కుక్కరు కూత పెడుతోంది, బడికి వెళ్లే పిల్లలు బూట్లు వెతుక్కుంటున్నారు, ఎవరూ చూడలేదు. ఆమె మళ్లీ దిగింది.

నీ దగ్గర ఇంకా చాలా ఉంది. కొన్నాళ్లకు ఆమె మళ్లీ మేడమెట్ల దగ్గరికి వస్తుంది, ఈసారి అటు తిరిగి. పాదాలు రెండో మెట్టు మీద, అరచేతులు నేల మీద. 60 కిలోల ఒంట్లోంచి 42 కిలోలు ఇప్పుడు ఆ చేతుల్లో ఉన్నాయి. ఊపిరి పీల్చి, ఒకటి అని లెక్క మొదలుపెట్టింది.